బెంగాల్ రైతు వకీలు ఫజ్లుల్ హఖ్

క్రికెట్ చూసే మన పిల్లలకు ఢాకాలోని మీర్‌పూర్ స్టేడియం తెలుసు. దాని పూర్తి పేరు షేర్-ఎ-బంగ్లా జాతీయ క్రికెట్ స్టేడియం. ఆ షేర్-ఎ-బంగ్లా ఎవరని అడిగితే మాత్రం పెద్దలు కూడా తడుముకుంటారు. ఉర్దూ వచ్చినవారు బెంగాల్ సింహం అని అర్థం చెప్పి ఊరుకుంటారు. నిజానికి ఉర్దూలో షేర్ అనే మాటను సింహానికీ, పెద్దపులికీ కూడా వాడతారు. సుందర్‌బన్ అడవులున్న దేశం గనుక బెంగాలీలు దానికి పులి అనే అర్థమే చెప్పుకుంటారు.

ఆ బిరుదు పొందిన వ్యక్తి అబుల్ కాసిం ఫజ్లుల్ హఖ్. అవిభక్త బెంగాల్‌కు 1937 నుంచి 1943 వరకు ప్రధానమంత్రి. ఆనాడు రాష్ట్రాల ముఖ్యమంత్రులను ప్రధానమంత్రి అనే పిలిచేవారు. 1940లో లాహోర్ తీర్మానాన్ని సభ ముందు పెట్టినవారుగా చరిత్ర పుస్తకాలు ఆయన్ని ఒక్క వాక్యంలో ముగించేస్తాయి. కాని మధ్యలో రెండేళ్ళు మినహా 1913 నుంచి 1947 దాకా బెంగాల్ శాసనసభలో కూర్చున్న ఈ న్యాయవాది అసలు పని వేరే ఉంది. రైతును కట్టిపడేసిన అప్పు పత్రాన్నీ, కౌలు పత్రాన్నీ చట్టంతోనే సడలించడం ఆ పని. దానిని గురించి తెలుసుకోవడం అవసరం.

ఆయన 1873 అక్టోబరు 26న బాఖర్‌గంజ్ జిల్లాలో, తల్లిగారి పుట్టింట్లో జన్మించారు. తండ్రి ముహమ్మద్ వాజిద్ బరిసాల్ కోర్టులో పేరున్న వకీలు. బరిసాల్ అంటే ఎటు చూసినా నదులు, కాలువలు, వరి పొలాలు. పడవ లేనిదే పక్క ఊరికి పోలేరు. ఆనాటి షరీఫ్ ఖాందాన్‌లలో ఉన్న రివాజు ప్రకారం ఇంట్లోనే అరబీ, ఫారసీ నేర్చుకున్నారు. తరువాత ఇంగ్లీషు బడి, కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ. 1894లో రసాయన, గణిత, భౌతిక శాస్త్రాలు మూడింటిలోనూ ఆనర్సుతో బి.ఎ. పూర్తి చేశారు. 1896లో గణితంలో ఎం.ఎ., మరుసటి సంవత్సరమే న్యాయశాస్త్ర పట్టా. ముస్లిం కుర్రాళ్ళకు లెక్కలు రావన్న మాట ఆ రోజుల్లో బెంగాల్‌లో బాగా వినిపించేది. ఆ మాటకు ఈ మార్కుల పట్టీయే జవాబు.

కలకత్తాలో ఆయనకు వకాలత్ నేర్పిన గురువు సర్ ఆశుతోష్ ముఖర్జీ. ఈ పేరు గుర్తుంచుకోవాలి. ఆశుతోష్ కుమారుడు శ్యామాప్రసాద్ నలభై ఏళ్ళ తరువాత ఈ కథలో మళ్ళీ కనిపిస్తారు.

1901లో తండ్రి మరణించడంతో హఖ్ బరిసాల్ తిరిగి వచ్చి అక్కడే ప్రాక్టీసు పెట్టారు. 1906లో ప్రభుత్వోద్యోగంలో చేరి డిప్యూటీ మేజిస్ట్రేట్ అయ్యారు. అదే సంవత్సరం డిసెంబరులో ఢాకాలో ముస్లిం లీగ్ పుట్టిన సమావేశంలో కూడా ఉన్నారు. 1908 నుంచి 1912 వరకు సహకార సంఘాల అసిస్టెంట్ రిజిస్ట్రారుగా పనిచేశారు. ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఈ చివరి ఉద్యోగమేనని నా అభిప్రాయం. కోర్టులో వకీలుకు కక్షిదారు కనిపిస్తాడు, పల్లె కనిపించదు. సహకార శాఖ అధికారిగా పల్లెలు తిరిగినప్పుడే రైతు ఇంట్లో ఎంత బియ్యం ఉందో, ఆ ఇంటి మీద ఎంత అప్పు ఉందో ఆయన కళ్ళారా చూశారు.

ఆ పల్లెల పరిస్థితి మన కోస్తా జిల్లాల వారికి అర్థం కావడం కష్టం కాదు. 1793లో బెంగాల్‌లో పెట్టిన శాశ్వత పరిష్కారాన్నే ఇంగ్లీషువారు 1802 తరువాత ఉత్తర సర్కారులకూ తెచ్చారు. విజయనగరం, బొబ్బిలి, నూజివీడు జమీందారీల కింద మన తాతలు పడిన పాట్లే అక్కడివారూ పడ్డారు. జమీందారు సర్కారుకు కట్టే శిస్తు మారదు. రైతు జమీందారుకు ఇచ్చేది మాత్రం ఏటేటా పెరుగుతుంది. పైగా అబ్వాబులు. అరబీలో బాబ్ అంటే తలుపు, పుస్తకంలో అధ్యాయం, లెక్కల్లో పద్దు. దాని బహువచనం అబ్వాబ్. జమీందారు ఇంట పెళ్ళయితే ఒక పద్దు, పండుగ వస్తే ఒక పద్దు, గుమాస్తా ఖర్చులకు ఒక పద్దు. ఇంకొకటి సలామీ. రైతు తన సాగు హక్కును అమ్ముకుంటే దొరకు సలాము కింద చెల్లించవలసిన సొమ్ము. 1928 చట్టం ప్రకారం అది అమ్మకపు ధరలో అయిదో వంతు.

రెండోవాడు మహాజన్. మన తెలుగులో మహాజనులంటే సభలో కూర్చున్న పెద్దమనుషులు. బెంగాల్ పల్లెలో మహాజన్ అంటే వడ్డీ వ్యాపారి. విత్తనాలకు, పశువుకు, బిడ్డ పెళ్ళికి, ఆఖరుకు కఫన్ గుడ్డకు కూడా అతని దగ్గరకే వెళ్ళాలి. చదువురాని రైతు కాగితం మీద వేలిముద్ర వేస్తాడు. ఆ కాగితంలో చక్రవడ్డీ రాసి ఉంటుంది. తండ్రి తీసుకున్న అప్పుకు కొడుకు వడ్డీ కడతాడు, అసలు మనవడి దాకా చెక్కు చెదరదు. తూర్పు బెంగాల్‌లో రైతుల్లో అత్యధికులు ముస్లింలు, జమీందార్లలోనూ మహాజనుల్లోనూ అత్యధికులు హిందువులు. దానితో పొలం గట్టు తగాదా మతం తగాదాగా కనిపించేది. ముస్లిం జమీందార్లు కూడా తక్కువవారేమీ కాదు. ఢాకా నవాబుల ఎస్టేటే అందుకు ఉదాహరణ. హఖ్ సాహెబ్ జీవితంలో పెద్ద ఎన్నికల పోరు వారితోనే జరిగింది.

ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఆయన కలకత్తా హైకోర్టుకు వచ్చారు. 1913లో ఢాకా డివిజన్ నుంచి బెంగాల్ లెజిస్లేటివ్ కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు. 1916 లక్నో ఒప్పందంలో పాలుపంచుకున్నారు. 1918లో ముస్లిం లీగ్ అధ్యక్షులుగానూ, కాంగ్రెస్ ప్రధాన కార్యదర్శిగానూ ఉన్నారు. రెండు పార్టీల పదవులు ఒకే మనిషికి ఎలా సాధ్యమని నేటి పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. ఆనాడు అది వింత కాదు. జలియన్‌వాలా బాగ్ దారుణంపై కాంగ్రెస్ వేసిన విచారణ సంఘంలో గాంధీజీ, చిత్తరంజన్ దాస్, అబ్బాస్ తయ్యబ్జీలతో పాటు ఆయన పేరూ ఉంది. 1920లో ఆయన స్థాపించిన నవయుగ్ పత్రికను నడిపినవారిలో యువకవి కాజీ నజ్రుల్ ఇస్లాం ఒకరు. సహాయ నిరాకరణలో బడులు, కాలేజీలు బహిష్కరించాలన్నప్పుడు మాత్రం ఆయన ఒప్పుకోలేదు. అప్పుడప్పుడే బడి మెట్లు ఎక్కుతున్న ముస్లిం పిల్లల్ని వెనక్కి పిలవడం ఆయనకు సమ్మతం కాలేదు. కాంగ్రెస్‌కు దూరమయ్యారు.

1924లో కొద్ది నెలలపాటు విద్యామంత్రి పదవి దక్కింది. ఆ కాలంలో తలపెట్టిన ఇస్లామియా కాలేజీ 1926లో కలకత్తాలో మొదలైంది. తరువాతి రోజుల్లో షేక్ ముజీబుర్ రహ్మాన్ చదివింది అందులోనే. ఇప్పుడది మౌలానా ఆజాద్ కాలేజీ.

1928లో కౌలు చట్టం సవరణ శాసనసభకు వచ్చినప్పుడు స్వరాజ్య పార్టీ సభ్యుల్లో ఎక్కువమంది జమీందార్ల పక్షాన నిలిచారు. ఆ మరుసటి ఏడు నిఖిల్ బంగ ప్రజా సమితి ఏర్పడింది. దాని తొలి అధ్యక్షులు సర్ అబ్దుర్ రహీం, అంతకు ముందు మద్రాసు హైకోర్టులో న్యాయమూర్తిగా ఉన్నవారు. 1935లో అధ్యక్ష పదవి హఖ్ సాహెబ్‌కు వచ్చింది. కలకత్తా నగరానికి తొలి ముస్లిం మేయరుగా ఎన్నికైంది కూడా ఆ సంవత్సరమే. 1936 నాటికి సమితి కృషక్ ప్రజా పార్టీ అయింది. ఇక్కడ ప్రజ అంటే మన తెలుగులో అనుకునే జనం కాదు. బెంగాలీ పల్లె భాషలో ప్రజ అంటే జమీందారు కింద రైతు.

1937 ఎన్నికల్లో ఆయన ఊరూరా తిరిగి చేసిన వాగ్దానం చాలా చిన్నది. అందరికీ పప్పూ అన్నం. బెంగాలీలో దాల్ భాత్. పటువాఖాలీ నియోజకవర్గంలో ఆయన ప్రత్యర్థి ఖ్వాజా నాజిముద్దీన్. ఢాకా నవాబుల కుటుంబీకుడు, కేంబ్రిడ్జిలో చదివినవాడు, గవర్నరు కొలువులో సభ్యుడు. ఆ ప్రాంతంలో ఆ ఖాందాన్‌కు భూములు కూడా ఉన్నాయి. వడ్డీకీ శిస్తుకూ నలిగిన రైతులు పడవలెక్కి వచ్చి ఓట్లు వేశారు. నాజిముద్దీన్‌కు వచ్చిన ఓట్లకు రెట్టింపు పైగా హఖ్‌కు వచ్చాయి.

గెలుపు గొప్పదే గాని 250 మంది సభలో ఏ పార్టీకీ మెజారిటీ లేదు. హఖ్ మొదట కాంగ్రెస్‌తో కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేయాలనుకున్నారు. రాజకీయ ఖైదీల విడుదల ముందా, రైతు చట్టాలు ముందా అన్న దగ్గర మాటలు తెగిపోయాయి. ఖైదీల విషయంలో గవర్నరు అడ్డు తగిలితే మంత్రివర్గం రాజీనామా చేయవలసి వస్తుందనీ, అప్పుడు రైతుకు ఏమీ మిగలదనీ ప్రజా పార్టీవారి వాదన. చివరికి ముస్లిం లీగ్‌తో కలిశారు. ఆ విధంగా ప్రజల మంత్రివర్గంలో ఢాకా నవాబు, కాసింబజార్ మహారాజా వంటివారు కూర్చున్నారు. పటువాఖాలీలో ఓడిన నాజిముద్దీన్ సైతం సుహ్రవర్దీ ఖాళీ చేసిన కలకత్తా స్థానం నుంచి గెలిచి వచ్చి హోంమంత్రి అయ్యారు. దీనిపై ప్రజా పార్టీలో చాలామంది అలిగి ప్రతిపక్షంలో చేరారు. వారి కోపం అన్యాయమని చెప్పలేం. జమీందారీ రద్దు వాగ్దానం సర్ ఫ్రాన్సిస్ ఫ్లౌడ్ అధ్యక్షతన వేసిన కమిషన్ చేతిలోకి వెళ్ళింది. 1940లో జమీందారీలను సర్కారు కొనేయాలని ఆ కమిషన్ సిఫారసు చేసినా, ఆ పని హఖ్ హయాంలో జరగలేదు.

అయినా ఆ మంత్రివర్గం చేతనే ఆయన చేయించిన చట్టాలు చూస్తే వకీలు బుద్ధి తెలుస్తుంది. 1938లో బెంగాల్ కౌలు చట్టం సవరణ వచ్చింది. సలామీ పోయింది, రైతు తన హక్కును దొరకు పైకం ఇవ్వకుండా అమ్ముకోవచ్చు. అబ్వాబులు పోయాయి. పదేళ్ళ దాకా శిస్తు పెంచరాదన్నారు. శిస్తు బకాయిపై వడ్డీ నూటికి పన్నెండున్నర నుంచి ఆరుంబావుకు దిగింది. నది కోసుకుపోయిన పొలం సంగతి మరీ ముఖ్యం. గోదావరి లంకల్లో సాగు చేసేవారికి ఆ బాధ తెలుసు. ఈ ఏడు ఉన్న భూమి వచ్చే ఏడు ఏట్లో ఉంటుంది, మరికొన్నాళ్ళకు మళ్ళీ పైకి తేలుతుంది. తేలినప్పుడు అది ఎవరిది? చట్టం రాక ముందు బలవంతుడిది. కొత్త చట్టం ఇరవై ఏళ్ళ లోపు తేలిన భూమిని నాలుగేళ్ళ శిస్తు కట్టి పాత రైతే తీసుకోవచ్చని చెప్పింది. నదుల మధ్య పెరిగినవాడు చట్టం రాయించబట్టే ఇంత చిన్న విషయం కూడా అందులో పడింది.

అప్పుల సంగతికి వస్తే, రుణ పరిష్కార బోర్డుల చట్టం ఆయన అధికారంలోకి రాకముందే 1935 పేరుతో ఉంది. దానిని మూలమూలకూ తీసుకుపోయింది హఖ్ ప్రభుత్వం. ఊరి దాపునే బోర్డు కూర్చుంటుంది. రైతు దరఖాస్తు పెడితే కోర్టులో ఉన్న దావా, జప్తు, వేలం ఆగిపోతాయి. అసలెంత, వడ్డీ ఎంత, ఇప్పటిదాకా కట్టిందెంత అని లెక్క తీసి, రైతు తట్టుకోగలిగిన మొత్తాన్ని వాయిదాల మీద కట్టమంటారు. తాత ముత్తాతల కాగితం బయటకు వచ్చి నలుగురి ముందు చదవబడడమే అక్కడి రైతుకు కొత్త.

1940లో వడ్డీ వ్యాపారుల చట్టం చేశారు. లైసెన్సు లేనిదే వడ్డీకి ఇవ్వరాదు. తాకట్టు ఉన్న అప్పుకు నూటికి ఎనిమిది, తాకట్టు లేనిదానికి పది, అంతకు మించి వడ్డీ లేదు. చక్రవడ్డీ నిషేధం. ఎన్నేళ్ళు గడిచినా అసలుకు రెట్టింపు మించి వసూలు చేయరాదు. దాదాపు ఇదే కాలంలో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది. మన ప్రకాశం పంతులు గారు, ఆయనా బారిస్టరే, జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షులై 1938లో నివేదిక ఇచ్చారు. ఆ నివేదిక చట్టం కాకముందే 1939లో కాంగ్రెస్ మంత్రివర్గం దిగిపోయింది. పదవిలో కొనసాగడం వల్ల హఖ్‌కు దొరికిన అవకాశం ప్రకాశం గారికి దొరకలేదు.

అప్పు ఇచ్చినవారు కోర్టుకెక్కారు. ప్రామిసరీ నోట్ల విషయం కేంద్రానిది, దానిపై రాష్ట్ర శాసనసభ చట్టం చేయజాలదని వాదించారు. ఖుల్నాలోని ఒక బ్యాంకు దావా లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. చట్టం సారం వడ్డీ వ్యాపారానికి సంబంధించినది, అది రాష్ట్రం పరిధిలోనిదే, నోట్ల ప్రస్తావన దారిలో తగిలిన విషయం మాత్రమేనని 1947లో తీర్పు వచ్చింది. నేటికీ మన దేశంలో లా చదివే విద్యార్థులు రాష్ట్రాల అధికారం గురించి తెలుసుకునేటప్పుడు ఈ తీర్పు చదవక తప్పదు. అది ఒక రైతు చట్టం మీద వచ్చిందని ఎంతమంది గమనిస్తారో తెలియదు.

అయితే ఈ చట్టాల రెండో ముఖం కూడా చెప్పాలి. వడ్డీ తగ్గింది, కాని అప్పు పుట్టడమే కష్టమైంది. మహాజన్ తన సొమ్ము వెనక్కు లాక్కున్నాడు. ఆ స్థానంలో సర్కారు బ్యాంకు గాని, సహకార సంఘం గాని వచ్చి నిలబడలేదు. సహకార శాఖలో పనిచేసిన మనిషికి ఈ లోటు తెలియదనుకోలేం. పంట బాగున్న ఏడు అది కనబడలేదు. కరవు ఏడు కనబడింది.

చదువు విషయంలో చేసినవి క్లుప్తంగా చెప్పుకుందాం. ప్రధానిగా విద్యాశాఖ తన దగ్గరే ఉంచుకున్నారు. ముస్లిం ఆడపిల్లల చదువు కోసం 1939లో కలకత్తాలో లేడీ బ్రబోర్న్ కాలేజీ వెలిసింది. 1938లో ఢాకాలో వ్యవసాయ విద్యాలయానికి పునాది రాయి వేశారు. అదే 2001లో షేర్-ఎ-బంగ్లా వ్యవసాయ విశ్వవిద్యాలయం అయింది. చేతికొచ్చిన డబ్బు బీద విద్యార్థులకు పంచి తానే అప్పుల్లో ఉండేవారని బెంగాలీలు నేటికీ చెప్పుకుంటారు.

1940 మార్చి 23న లాహోర్‌లో తీర్మానం ప్రవేశపెట్టారు. ఆ తీర్మానంలో పాకిస్తాన్ అనే మాట లేదు. వాయవ్యంలోనూ, తూర్పులోనూ ముస్లింలు అధికంగా ఉన్న ప్రాంతాలు స్వతంత్ర రాజ్యాలుగా ఏర్పడాలని బహువచనంలో ఉంది. ఆ బహువచనం తరువాత ఎన్ని తగాదాలకు మూలమైందో 1971 దాకా చరిత్ర చెబుతుంది. మరుసటి సంవత్సరమే జిన్నా సాహెబ్‌తో చెడింది. వైస్రాయి వేసిన రక్షణ మండలిలో తన అనుమతి లేకుండా చేరారని జిన్నా ఆక్షేపించారు. హఖ్ మండలి నుంచి తప్పుకున్నారు, దానితో పాటే లీగ్ కార్యవర్గం నుంచి కూడా. బెంగాల్ ముస్లింల సంగతి బయటివారు నిర్ణయించడమేమిటన్నది ఆయన బాధ. 1941 డిసెంబరులో కొత్త మంత్రివర్గం కూర్చినప్పుడు ఆర్థికమంత్రిగా వచ్చింది గురువుగారి కుమారుడు, హిందూ మహాసభ నాయకుడు శ్యామాప్రసాద్ ముఖర్జీ. లీగ్ వారు ద్రోహి అన్నారు. రెండు మతాలవారూ కలిసి కూర్చుంటేనే బెంగాల్ నిలుస్తుందని ఆయన నమ్మారు. అది నమ్మకమో, కుర్చీ కోసం వేసిన ఎత్తో అని అప్పుడూ వాదులాడుకున్నారు, ఇప్పుడూ వాదులాడుకుంటున్నారు. రెండూ ఉండవచ్చు.

ఇంతలో బర్మా జపాన్ చేతికి చిక్కింది. శత్రువుకు దక్కకూడదని తీర ప్రాంతాల్లో పడవల్ని, బియ్యాన్ని సర్కారు లాగేసింది. మంత్రివర్గాన్ని అడగకుండానే గవర్నరు హెర్బర్ట్ అధికారుల చేత చేయించారు. పడవ లేని బరిసాల్ ఎలా బతుకుతుందో హఖ్‌కు తెలుసు. 1942 ఆగస్టులో గవర్నరుకు ఘాటుగా లేఖ రాశారు. 1943 మార్చి 28న గవర్నరు ఆయన్ని పిలిపించి, ముందే టైపు చేసి ఉంచిన రాజీనామా పత్రంపై సంతకం తీసుకున్నారు. జీవితమంతా ఇతరుల పత్రాలు చదివిన వకీలు ఆ రాత్రి చేసిన సంతకం గురించి తరువాత సభలో వివరించారు. నాజిముద్దీన్ గద్దెనెక్కారు. ఆ సంవత్సరం కరవులో కనీసం ఇరవై లక్షలమంది చనిపోయారు. రుణ బోర్డుల వల్ల నిలిచిన పొలాలు లక్షలాది కుటుంబాల చేతుల్లోంచి గింజల కోసం జారిపోయాయి.

1946లో ఆయన పార్టీ కొట్టుకుపోయినా ఆయన మాత్రం గెలిచారు. విభజన తరువాత ఢాకా వెళ్ళి మళ్ళీ నల్లకోటు తొడిగారు, తూర్పు బెంగాల్ అడ్వొకేట్ జనరల్ అయ్యారు. అక్కడి శాసనసభ 1950లో జమీందారీని రద్దు చేసింది. ఆ చట్టం తెచ్చింది ఆయన ప్రత్యర్థులైన లీగ్ వారు.

1954లో ఎనభై ఏళ్ళ వయస్సులో సుహ్రవర్దీ, మౌలానా భాషానీలతో కలిసి యునైటెడ్ ఫ్రంట్ కట్టారు. జమీందారీకి పరిహారం లేని రద్దు, బంగ్లాకు రాజభాష హోదా వంటి 21 అంశాలతో ప్రజల ముందుకు వెళ్ళారు. 237 ముస్లిం స్థానాల్లో లీగుకు దక్కినవి 9. ఏప్రిల్ 3న ముఖ్యమంత్రి అయ్యారు. కలకత్తా వెళ్ళినప్పుడు రెండు బెంగాళ్ళ ఆత్మీయత గురించి మాట్లాడారని కరాచీ ప్రభుత్వం దేశద్రోహ నింద మోపి మే నెలాఖరుకు బర్తరఫ్ చేసింది. ఏడాది తిరిగిన కొద్ది నెలలకే, 1955 ఆగస్టులో, అదే కరాచీలో ఆయన హోంమంత్రి. 1956లో తూర్పు పాకిస్తాన్ గవర్నరు. 1958లో ఆ పదవి నుంచీ తొలగించారు.

1962 ఏప్రిల్ 27 శుక్రవారం నాడు ఢాకాలో 88 ఏళ్ళ వయస్సులో ఫజ్లుల్ హఖ్ కన్నుమూశారు. హైకోర్టుకు దగ్గరలోనే ఖననం చేశారు. మరుసటి ఏడు మరణించిన సుహ్రవర్దీనీ, 1964లో మరణించిన నాజిముద్దీన్‌నూ కూడా ఆయన పక్కనే సమాధి చేశారు. ముగ్గురి మీదా ఒకే కట్టడం ఉంది. ఢాకావాసులు దానిని ముగ్గురు నేతల మజార్ అంటారు.